వారానికి సరిపడా గడ్డి

అక్క గోనెసంచిలో ఎండు లూసర్న్ గడ్డి కుక్కుతోంది. వేరే ఊరికి మకాం మారుస్తున్న చెల్లెలు, చూడి ఆవును వ్యాను ఎక్కించి లోపలికొచ్చింది.

“ఒక్క సంచేనా? ఏం పిసినారివక్కా నువ్వు.”

“వారానికి సరిపోతుంది. అయిపోగానే రా. ఆకు రాలకుండా ఇలా ఎండబెట్టి అక్కడ నీకెవరిస్తారు? బలమంతా ఆకులోనే ఉంది.”

“అంటే వారం వారం గడ్డి కోసం రావాలా?”

“వస్తే నీ సొమ్మేం పోయింది? ఇంత తిని, నాలుగు కబుర్లు చెప్పి పో.”

చెల్లెలు నవ్వింది. “ఆవు ఈనేదాకా ఈ గడ్డి వద్దన్నాడక్కా పశువుల డాక్టరు.”

“నిన్నగాక మొన్న వచ్చినవాడు. వాడికేం తెలుసు?”

“ఇందులో కాల్షియం ఎక్కువట. ఇప్పుడు తెగ మేపితే, ఈనాక పాలకు కావలసింది సొంత ఎముకల్లోంచి తీసుకోవడం దాని ఒంటికి చేతకాదట. కూలబడిపోతుందట.”

అక్క చెయ్యి ఆగింది. ఈ ఆవు తల్లి ఈనిన మర్నాడు అలాగే కూలబడింది, ఎంత లేపినా లేవలేదు. ఈనే ముందు నెలంతా ముద్దు చేసి దానికి ఈ గడ్డే మేపింది తను.

“పోనీ, ఈనాక వచ్చి పట్టుకెళ్తావా?”

“అప్పటికి నా పెరట్లోదే కోతకొస్తుందిగా. విత్తనాలు కొనేశాను.”

అక్క సంచి బోర్లించి, వట్టి వరిగడ్డి నింపడం మొదలుపెట్టింది.

“ఇదెందుకక్కా? ఇది అక్కడా దొరుకుతుంది.”

“దొరకనీ. దానికిప్పుడు ఇదే మంచిది.”

సంచి మూతి కట్టి, వ్యాను తలుపు తనే వేసింది.

ఆవు రెండు నెలలకు ఈనింది, ఈనిన మర్నాడూ లేచి నిలబడింది. చెల్లెలు వెళ్లింది మార్చి మొదటి మంగళవారం. మళ్లీ రాలేదు.