ఎర్ర పట్టీ

వానాకాలం రక్తజ్వరాలు మొదలవగానే మా ఊళ్లో పనులన్నీ చేతి పట్టీల ప్రకారమే. ఒంట్లో రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైము బాగా పనిచేసేవాళ్లకి పచ్చ పట్టీ, అంతంతమాత్రమైతే పసుపు, అసలు పనిచేయకపోతే ఎరుపు. జ్వరమొచ్చినా రక్తం కారదు కనుక బయటి పనులు పచ్చవాళ్లవి. పచ్చవాళ్లు లేని ఇంటి నుంచి పసుపువాళ్లు వెళ్లాలి. ఎరుపువాళ్లు గడప దాటకూడదు. మా ఇంట్లో మగవాళ్లంతా ఎరుపే. జన్యువులకి కూడా వాళ్లంటే గౌరవం.

పట్టీ పరీక్షకి పరగడుపున ఇవ్వాల్సిన ఉమ్ముని నేను కాఫీ తాగి ఇచ్చాను. ఎరుపొచ్చింది. ఆ ఫలితం తప్పని తెలిసీ మూడు వానాకాలాలు కిటికీ పక్కన నవలలు చదువుకున్నాను. పసుపు పట్టీ ఉన్న మా తోడికోడలు ప్రసూన బజారు సంచులు మోసింది.

మొన్న ఆమెకి జ్వరమొచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారింది. నిన్న నేను పరగడుపున మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. పచ్చ.

ఆసుపత్రిలో దోమతెర ఎత్తబోతే ప్రసూన కంగారుపడింది. "అక్కా, నీది ఎరుపు! బయటికెళ్లు!"

కొత్త పట్టీ చూపించి, కాఫీ సంగతి చెప్పాను.

ప్రసూన ఆ పట్టీని వేలితో తిప్పి చూసింది. "నవలలన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయే."

"అయితే తల దువ్వు. తిట్టడానికి ఓపికొచ్చాక తిడతాను."

దువ్వుతూ కూర్చున్నాను. తిట్ల కోసం నేనెప్పుడూ ఇంతగా ఎదురుచూడలేదు.