పొర్లాట మానేసిన గాడిదలు

ఇటుక బట్టీలో గాడిదలు ఒకప్పుడు బరువు దిగగానే వీపు మీది గోనెలు విదిల్చేసి, అన్నీ కలిసి బూడిదలో పొర్లేవి. యజమానిని తిట్టుకుని పకపకా నవ్వేవి. ఇప్పుడు పని కాగానే ఎవరి కొట్టానికి వారే.

ఒక సాయంత్రం కుర్ర గాడిద కుంటుతుంటే, ముసలి గాడిద దాని గోనెను పళ్ళతో లాగింది. కింద అరచేతంత పుండు.

"ఎన్నాళ్ళయిందిరా?"

"నెలయింది తాతా."

"నెలంతా నా పక్కనే మోస్తూ ఒక్క మాట చెప్పలేదేం?"

"మోసేటప్పుడు నోరెత్తితే కర్ర దెబ్బ. దిగాక చెబుదామంటే నువ్వు మాత్రం ఆగావా?"

ముసలిదానికి తన మీదే ఒళ్ళు మండింది. గోనెలు విదిల్చి పొర్లే ఆ రోజుల్లో ఎవరి వీపు కమిలినా ఆ పూటే అందరికీ తెలిసేది, పుండయ్యేదాకా పోయేది కాదు.

వెళ్ళి మొదటి కొట్టం తలుపును ఫెడీమని తన్నింది.

"బయటికి రండిరా! మీ వీపులు చూడాలి!"