గంట నాలుక

మరియదాసు తాడు లాగాడు. గంట ఊగింది. మోగలేదు.

తలెత్తి చూశాడు. లోపల వేలాడాల్సిన ఇనుప నాలుక లేదు!

బిషప్‌గారి కారు అప్పటికే పలాస దాటింది. ఈ తీరంలో కొత్త విచారణ గుడి హోదా ఏ ఊరికివ్వాలో ఆయన ఇవాళే తేలుస్తారు. ఇక్కడికిస్తే ఫాదర్ ఊళ్లోనే ఉంటారు. లేదంటే ఎప్పటిలాగే నెలకొక్క పూజ. పక్క ఊరికి కొత్త గుడి ఉంది. వీళ్లకున్న గొప్పల్లా ఈ గంటే. బిషప్‌గారి మేత్రాసనం పుట్టకముందు విదేశీ గురువులు ఓడలో తెచ్చింది. పండగొస్తే గలగలా, ఎవరైనా పోతే ఆగి ఆగి ఒక్కో దెబ్బ. కొట్టేది, ఫాదర్ లేనప్పుడు ప్రార్థన చెప్పే ఉపదేశి మరియదాసే. పోయిన నెల నూకమ్మ పోయినప్పుడూ అతనే కొట్టాడు.

“ఇది పక్కూరోల్ల పనే!” అరిచాడు.

“ఆల్లకి తాళమెక్కడిది? గుడి తాళం మీ ఇంట్లోనే కదేటి?” అన్నాడు పడవ దిగి వచ్చిన ఢిల్లీరావు. “పోనీ, సుత్తెట్టి కొట్టీమంటావా మావా?”

“కొట్టరా! బిషప్పుగారు కమ్మరి కొట్టమనుకుని ఎనక్కి తిరిగెల్లిపోతారు!”

జనం నవ్వారు. మరియదాసుకి ఒళ్లు మండింది. నిచ్చెన సగం ఎక్కేసరికే ఆయాసం ముంచుకొచ్చి దిగిపోయాడు. పొద్దున కాళ్లకి చెప్పులు కూడా పట్టలేదు. ఈ రోజే అన్నీ ఎదురుతిరగాలా?

“నీల్లియ్యే,” అన్నాడు భార్యతో.

దాలమ్మ గ్లాసు అందించింది.

“సగమేటే? నూతిలో నీల్లు అయిపోనాయేటి?”

మొన్న ఇద్దరూ పలాస వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆమె అంతే, నీళ్లు కొలిచి పోస్తోంది.

మలుపులో హారన్ వినిపించింది. పిల్లలు పూలదండలతో పరిగెత్తారు. మరియదాసు తాడు కొసని నేలకేసి కొట్టాడు.

“ఊరి పరువు తీసీసినారు! ఎవులు తీసినారో పేరు సెప్పండి! ఆల్లని బిషప్పుగారి ముందే నిలబెడతాను!”

దాలమ్మ కొంగు విప్పింది. ఇనుప నాలుక ఠంగుమని నేల మీద పడింది.

“పేరు దాలమ్మ,” అందామె, “నిన్ను బైట కూకోబెట్టి పలాస డాక్టరు నాకు సెప్పిన మాట ఇన్నాక, ఈ గంట నీకు మోగకూడదని నానే తీసీసినాను మావా.”