దాతకొక మాట

“‘దానశీలి’ వద్దు సార్. ఆ మాట పోయిన నెలే వాటర్ ప్లాంటు ఆయనకు వేసినాం,” అంది ఆర్షియా, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

“వదాన్యుడు?”

“అది కల్యాణ మండపం ఆయనది.”

ఫ్లెక్సీల షాపులో వేదవ్యాస కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ప్రొద్దుటూరులో ముప్పయ్యేళ్లు తెలుగు అయ్యవారిగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఎవరు ఏ దానం చేసినా సన్మాన పత్రం ఆయనే రాయాలి. బడికి ఒక్క ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా తన పేరు, తండ్రి పేరు, తాత పేరు రాయించుకున్న పెద్దమనిషిని కూడా ఆయన కర్ణుడన్నారు. కర్ణుడు వచ్చి అడగడు కాబట్టి సరిపోయింది. ఈవి, వితరణ, ఔదార్యం అన్నీ వాడి వాడి అరిగిపోయాయి. ఒకప్పుడు ఒక్క మాట కోసం నిఘంటువు తిరగేసేవారు. ఇప్పుడు ఏదో ఒకటి దొరికితే చాలు, ఇంటికి పోవచ్చు.

ఈసారి దాత ఆదినారాయణ. జమ్మలమడుగు దగ్గర రెండెకరాలు అన్నదాన సత్రానికి ఇచ్చేశాడు. సాయంత్రం ఆరింటికి సభ. పులివెందులలో ఆయన నడిపే కాలేజీలోనే వేదవ్యాస కూతురు నీరజ లెక్చరర్. ఈ ఏడు ఆమెను ఉంచుతారో తీసేస్తారో ఇంకా తేల్చలేదు. ఇద్దరు పిల్లలతో ఆ జీతం మీదే నెట్టుకొస్తోంది.

ఫోను మోగింది. ఆదినారాయణ మనిషి పవన్.

“ఏం సార్, అయిపోయిందా? ‘స్వార్జితం’ అనే మాట మర్సిపోవద్దండి. మామ అదొక్కటి గట్టిగా చెప్పమన్నాడు.”

“రాస్తాలేప్పా.”

“పాప ఉద్యోగం సంగతి మామ మర్సిపోలేదు. ఈ ఒక్కటి గూడా అయిపోతే చాలు.”

ఫోను పెట్టేశాక వేదవ్యాసకు అన్నీ వదిలేసి వెళ్లి పడుకోవాలనిపించింది. ప్రాణం అంతగా విసిగింది. నీరజ గుర్తొచ్చి అలాగే కూర్చున్నారు.

“కొట్టమ్మా. ‘తమ స్వార్జితమైన భూమిని తృణప్రాయంగా ధారపోసిన త్యాగధనులు’.”

“శానా బాగుంది సార్,” అంది ఆర్షియా. ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. “కింద పొలం సర్వే నంబరు, హద్దులు గూడా వేయమన్నారు. కాగితం యాడ పెట్టినారు?”

“కాగితమెందుకులే.” ఆయన కళ్లు మూసుకున్నారు. “సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై మూడు. ఉత్తరం నీళ్లు పారే వంక. దక్షిణం బండ్లబాట. తూర్పు, పడమర ఆదినారాయణ గారి చీనీ తోటలు.”

ఆర్షియా వేళ్లు ఆగాయి. “చూడకుండా అంత గడగడా ఎట్ల చెప్తాండారు సార్?”

“మొన్న కేసు వాపసు తీసుకునేదాకా, పదకొండేండ్లు కోర్టులో అది మా నాయన పొలమని కొట్లాడింది నేనే గదమ్మా.”