పాత పొగ వాసన

"పాత గిటార్‌కి ముందు వాసన చూడాలి," అన్నాడు అమ్మేవాడు రాండల్, గిటార్ పెట్టె మూత తీస్తూ.

కర్టిస్ వంగి పెట్టెలో ముక్కు పెట్టాడు.

పొగ వాసన. ఏళ్ళ తరబడి బార్లలో సిగరెట్ల మధ్య మోగితే పట్టే వాసన.

"యాభై ఎనిమిదిలో చేసింది. అసలు సిసలు కోర్బిన్. ఆ కంపెనీ మూతపడి ఎన్నాళ్ళయింది? ఇంకెక్కడైనా దొరికితే నా మీసం తీయించుకుంటా."

నాష్‌విల్‌లో ఏటా జరిగే పాత గిటార్ల సంత అది. వచ్చేవాళ్ళలో స్క్రూలు విప్పి చూసేవాళ్ళున్నారు, రంగు మీద లైటు వేసి చూసేవాళ్ళున్నారు, వాసన చూసేవాళ్ళున్నారు. తీగ మీద వేలు పెట్టి చూద్దామని మాత్రం ఎవరికీ తోచదు.

కర్టిస్ జీవితమంతా ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. చిన్నప్పుడు అన్నతో కలిసి దుకాణం అద్దంలోంచి ఇలాంటి గిటార్‌నే చూసేవాడు. ఇప్పుడు అన్న లేడు.

"పోస్ట్‌మాన్ పెన్షన్ చాలక, దీని కోసం నా చేపల పడవ అమ్మేశానయ్యా," అంటూ కర్టిస్ చెయ్యి చాచబోయాడు.

ఆ సంతలో చెయ్యి కలిపితేనే బేరం. కలిపేదాకా ఎవరైనా అడ్డు రావచ్చు.

వచ్చాడు ఒకాయన. మాసిన బట్టలు, చేతిలో నలిగిన టోపీ.

"ఒక్క నిమిషం బాబూ. నన్నూ చూడనీ."

రాండల్ ముఖం వెలిగింది. "రా ఎమెట్, రా. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా."

ఎమెట్ గిటార్ మీది నంబరు చూడలేదు. స్క్రూలు చూడలేదు. పెట్టెలోకి వంగి ఒక్కసారి గాలి పీల్చి, కళ్ళు మూసుకున్నాడు. గిటార్ మెడ వెనక బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

"ఈయన ఇస్తానన్నదానికి పైన ఇస్తా."

"పెద్దాయనా, ముందొచ్చింది నేను," అన్నాడు కర్టిస్.

"తెలుసు బాబూ."

"తెలిసి కూడానా? నీకు వాయించడం వచ్చా?"

"రాదు."

"మరెందుకు? గోడకి తగిలించుకోడానికా?"

"అలాంటిదే అనుకో."

కర్టిస్ నోరు తెరిచేలోపు ఎమెట్ రాండల్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. బేరం అయిపోయింది.

"ముసలాయనది ఇంకో ముక్క పొలం పోయింది," అన్నాడు పక్క బల్ల దగ్గర అమ్మేవాడు. చుట్టూ ముసిముసి నవ్వులు.

కర్టిస్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి ఎమెట్ కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. కాగితంలో చుట్టిన రొట్టె ఒకటి ముందుకు జరిపాడు. లోపల కాల్చిన పంది మాంసం, ఇంకా ఆవిరి పోతోంది.

"తిను. చల్లారిపోతుంది."

"నీ తిండి నాకొద్దు."

"వెళ్ళి నీ పడవ మళ్ళీ కొనుక్కో బాబూ. హాయిగా నీళ్ళ మీద ఉండు."

"నా పడవ సంగతి నీకెందుకయ్యా? మా అన్న కోసం కొనుక్కుందామనుకున్నా. నువ్వు నోటి దగ్గరది లాక్కున్నావు."

ఎమెట్ టోపీ అంచు నలిపాడు.

"నేనూ ఒకళ్ళ కోసమే కొన్నాను," అన్నాడు. "స్ప్రింగ్‌ఫీల్డ్ దారిలో హాస్కెట్ వాళ్ళ పొగాకు చేను ఎక్కడని అడుగు, ఎవరైనా చెప్తారు. ఎప్పుడైనా వాయించాలనిపిస్తే రా."

"చచ్చినా రాను."

రొట్టె మెట్టు మీదే వదిలేసి కర్టిస్ లేచిపోయాడు.

మరుసటి ఏడు సంతలో అతను అటు తిరిగి తీగలు కొనుక్కుంటుంటే, వెనక రాండల్ గొంతు వినిపించింది.

"ఎమెట్ రాలేదేంట్రా ఈసారి? నా దగ్గర ఇంకో దొంగ కోర్బిన్ ఉంది. ఆ వెర్రిబాగులాయన లేకపోతే ఎవడికి అంటగట్టను?"

"పోయినేడు ఆ పోస్ట్‌మాన్‌కి అంటగట్టబోయావుగా," అన్నాడు పక్క బల్లవాడు.

"ఎమెట్ అడ్డం పడ్డాడు గనక బతికిపోయాడు."

కర్టిస్ తీగలు అక్కడే పడేసి, కారు స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు తిప్పాడు.

హాస్కెట్ వాళ్ళ ఇంటి తలుపు తీసిన ఆవిడ చేతులకి పిండి అంటుకుని ఉంది.

"నేను ఇర్మాని, ఆయన కూతుర్ని. నాన్న ఏప్రిల్‌లో పోయాడండీ." అతని ముఖం పరీక్షగా చూసింది. "మీరు పడవ పోస్ట్‌మాన్ గారా? మీరొస్తే కాసేపు వాయించుకోనివ్వమన్నాడు."

కర్టిస్ తలూపి, ఆవిడ వెనకే నడిచాడు. చేనంటూ ఏమీ మిగల్లేదు. ఇంటి వెనక, ఆకు వేలాడగట్టి కింద కట్టెల పొగ పెట్టే పొగాకు కొట్టం ఒక్కటే ఉంది.

తలుపు తెరవగానే కర్టిస్ ఆగిపోయాడు.

అదే వాసన. అది ఏ బారుదీ కాదు, ఈ కొట్టానిది.

ఆకు కట్టే దూలాలకి వరసగా గిటార్లు వేలాడుతున్నాయి. అన్నీ కోర్బిన్‌లే. ప్రతిదాని తల మీదా కంపెనీ పేరు గీకేసి ఉంది. అక్కడ వణికే అక్షరాలతో ఒకే పేరు రాసి ఉంది. టోబీ హాస్కెట్.

కర్టిస్ తనది కాకుండా పోయినదాన్ని దించి, తీగ మీటాడు.

ఎంత బాగా మోగిందో. దొంగదని ఎవరు చెప్పినా నమ్మడు.

"టోబీ ఎవరమ్మా?"

"మా తమ్ముడు. వాడు గిటార్లు చేసి తన పేరు పెడితే ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆ కంపెనీ పేరు పెట్టి, ఈ పొగలో వేలాడదీస్తే ఎగబడి కొన్నారు." ఇర్మా పిండి చేతులు తుడుచుకుంది. "వాడు పోయాక, వాడి మూలంగా ఇంకెవరూ మోసపోకూడదని నాన్న చేను అమ్ముకుంటూ వీటిని తిరిగి కొంటూ వచ్చాడు."

సంతంతా వెర్రివాడన్న ఆ ముసలాయన, పోయిన కొడుకుని ఒక్కో గిటార్‌గా ఇంటికి తెచ్చుకుంటున్న తండ్రి.