పగడాల చేతిగొలుసు

"ఇది తాళి అని ఎవురికీ తెలీకూడదన్నా," అంది చంద్రిక.

వెంకటరాముడు కళ్లజోడు పైకి తోసి ఆ పిల్ల వైపు చూశాడు. మెడలోంచి తీయకుండానే గొలుసును పట్టుకుని చూపిస్తోంది. రెండు బంగారు బొట్లు, వాటికి అటూ ఇటూ పగడాలు, ముత్యాలు, మధ్యమధ్య నల్లపూసలు. పాతికేళ్లుంటాయేమో పిల్లకు. అక్కడెక్కడో రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తుంది. పెళ్లయిన కొత్తలో మొగుడు గంగాధర్‌తో వచ్చి ఈ అంగట్లోనే ముక్కుపుడక కొనుక్కుంది.

"చేతికి ఏసుకునే గొలుసు చెయ్యాల. ఈ పొద్దే కావాల. మాపటికి విమానం. అది చేతికి లేకుండా నేను ఊరికి పోలేనన్నా."

ఫహాహీల్ బజార్లోని ఆ నగల అంగడి అబ్దుల్ బాసిత్‌ది. రాళ్లు పొదిగే పని వెంకటరాముడిది, ప్రొద్దుటూరులో నేర్చినది. ఒకప్పుడు కెంపుల హారం చేతికొస్తే నెల రోజులు వేరే ధ్యాస ఉండేది కాదు. ఇప్పుడు కుర్రకారు వస్తారు, ఫోనులో బొమ్మ చూపిస్తారు, బరువుండకూడదంటారు. జాతకం చూసి రాయి పెట్టించుకునేవాళ్లు పోయారు, చుడీదార్ రంగు చూసి పెట్టించుకునేవాళ్లు వచ్చారు. గనిలో దొరికిన పచ్చ చూపిస్తే, మిషన్లో చేసింది లేదా, అదైతే చవక కదా అని అడుగుతారు.

తాళిని చేతిగొలుసుగా మార్చడం ఈ మధ్య వచ్చిన మోజు. వారానికి ఒకరైనా వస్తారు. "యల్లా, కానియ్, వాళ్లు అడిగింది చేసెయ్," అంటాడు బాసిత్. వెంకటరాముడు చేసిస్తాడు. చేసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

"మీ ఆయప్ప ఒప్పుకున్న్యాడా?"

"ఆయప్ప ఏమీ అనడన్నా."

"మీ అత్త?"

"ఆమెకు తెలీకూడదనే గదా ఇంత దూరం వచ్చింది."

సరిపోయింది సంబడం అనుకున్నాడు. "కరిగించి పువ్వు చేస్తాలే. మీ అత్త కాదు, బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనుక్కోలేడు."

చంద్రిక గబుక్కున బొట్లను గుప్పిట్లో దాచుకుంది.

"కరిగించొద్దన్నా. ఈ బొట్లే ఉండాల. ఈ పగడాలే ఉండాల. సూసేదానికి మాత్రం ఫ్యాషను సామాను మాదిరి ఉండాల."

"అంత ప్రేముంటే మెళ్లోనే ఏసుకో. ఏంటికి ఈ ఏషాలు?"

చంద్రిక చూపు తిప్పుకుంది. కళ్లు వాచి ఉన్నాయి. పనింటి యజమానురాలు, ఆ మామా, రాత్రంతా నిద్ర లేకుండా పని చేయించుకుని ఉంటుందిలే అనుకున్నాడు.

మెడ బోసిగా ఉండకూడదు కదా. సొరుగులోంచి పసుపుతాడు, పసుపుకొమ్ము తీసిచ్చాడు. ఇలాంటి వాళ్ల కోసం అవి ఎప్పుడూ ఉంచుతాడు. చంద్రిక అద్దం ముందు నిలబడి కట్టుకుంది. ఆ తర్వాతే తాళి తీసి అతని చేతిలో పెట్టింది. పెట్టాక కూడా వేళ్లు వదల్లేదు.

"ఇడువు తల్లీ. పని చెయ్యాలంటే ఇడవాల గదా."

పని చేస్తున్నంత సేపూ తిడుతూనే ఉన్నాడు. "నేను ఈడుండా. నా పెండ్లాము అంకాలమ్మ ఊళ్లో ఉంది. నిద్దట్లో గూడా తాళిని పట్టుకొనే పండుకుంటాది. మీకేమో అది నామోషీ అయిపోయింది. ఏం కాలమో ఏమో."

చంద్రిక స్టూలు మీద కూర్చుని అన్నీ వింది. తల మాత్రం ఎత్తలేదు.

రెండు బొట్లనూ ఎదురెదురుగా మూసి అంచులు అతికాడు. చిన్న గుండు అయింది. దానికి ఇరువైపులా పగడాలు, ముత్యాలు గుచ్చాడు.

"ఒక పగడం పగిలిందే. కొత్తది ఏసేదా? మెరుపుంటాది."

"వద్దన్నా. అదే ఉండనీ."

అయింది. ఏ కాలేజీ పిల్లో సరదాకు వేసుకునే గొలుసులా ఉంది. తన పనితనం మీద తనకే కోపం వచ్చింది వెంకటరాముడికి. ముంజేతికి తగిలించి కొక్కెం వేశాడు. చంద్రిక దాన్ని రెండో చేత్తో కప్పుకుని ఏడ్చింది, చప్పుడు లేకుండా, చాలాసేపు. పాపం, ఎక్కువ తిట్టానేమో అనిపించింది అతనికి.

"ఊరికే అన్న్యాలేమ్మా, పెద్దోణ్ని. ఒక్కదానివే పోతాండావా?"

"లేదన్నా. ఇద్దరం ఒగటే విమానం."

"అది మంచి పని."

"కూలి ఎంతన్నా?"

"నీ దగ్గర తీసుకోను. తిరిగొచ్చినాక మీ ఆయప్పను ఒకసారి ఈడికి పిల్చకరా. ఆయప్పతో నేను మాట్లాడాల."

చంద్రిక స్టూలు మీంచి లేచింది. చున్నీ చెయ్యి మీదికి లాక్కుని బస్సు కోసం వెళ్లిపోయింది.

పెట్టెలో ఊరు చేరిన గంగాధర్‌కు పదో రోజు దినం చేసి, అత్తగారింటి ఆడవాళ్లు చంద్రిక బొట్టు చెరిపారు, గాజులు పగలగొట్టారు, మెడలో పసుపుతాడు తెంచారు గానీ, చేతికున్న ఆ ఫ్యాషన్ గొలుసు జోలికి మాత్రం ఎవరూ రాలేదు.