తిన్నారా అని అడిగిన పోర్టల్

పలాసలోని ఆ జీడిపప్పు కంపెనీలో మనుషులు ఒకరికొకరు కబురు పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆఫీసు పోర్టల్‌లో ప్రతి ఒక్కరికీ ఒక ఏఐ 'నీడ' ఉంది. వాళ్ల తరఫున అడిగేదీ అదే, బదులిచ్చేదీ అదే. పని చకచకా సాగుతున్నా ఆప్యాయత కరువైందని ఎండీ సుదర్శనరావు బెంగపెట్టుకుని, పోర్టల్‌ని కొత్తగా తీర్చిదిద్దే పని ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే హైమవతికి అప్పగించాడు.

ఆమె నీడలకు మర్యాద నేర్పింది. ఏ మాటకైనా ముందు "తిన్నారా?" అని అడగాలి.

మొదటిరోజు పోర్టల్ కళకళలాడింది. మధ్యాహ్నం కడుపు నకనకలాడుతుంటే హైమవతి క్యాంటీన్‌కి వెళ్లింది. వంటచేసే పోలమ్మ ఖాళీగా కూర్చుని ఉంది.

"అన్నం లేదా పోలమ్మా?"

"అందరూ తినేసినారని పోర్టల్ సెప్పింది కదమ్మా. ఇంకెవులికి వండీది?"

నిజమే. ఎవరు అడిగినా నీడలన్నీ మొహమాటపడి "తిన్నామండీ" అనే చెప్పాయి. మర్యాద అంత బాగా వంటబట్టింది మరి. ఆ పూట ఆఫీసంతా జీడిపప్పుతోనే కడుపు నింపుకుంది.

సాయంత్రానికల్లా హైమవతి పోర్టల్‌ని మార్చేసింది. ఆ ఒక్క ప్రశ్నకు నీడ బదులివ్వకూడదు, మనిషే చెప్పాలి.

మర్నాడు పోర్టల్‌లో ప్యాకింగ్ వాళ్లను "తిన్నారా?" అని పలకరించిన ఎండీ, ఎంతకీ జవాబు రాక ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, మీ పోర్టల్ మళ్లీ పాడైందా?"

"లేదండీ," అంది హైమవతి కిటికీలోంచి చూస్తూ. "వాళ్లంతా క్యారేజీలు పట్టుకుని మీ దగ్గరికే మెట్లెక్కి వస్తున్నారు. మీరు కంచం కడుక్కోండి."